దారి మీది ఏడు రాళ్ళు

ఇప్పుడు కాళ్ళు చాపుకొని హాయిగా చెబుతున్నాను గానీ, ఆ నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. రంజిత్ అన్నకైతే నిద్ర కూడా లేదు.

ఆయన తను చేసిన సాధనానికి 'సోకు' అని పేరు పెట్టిన రోజే నేను చెప్పాను, ఈ పేరుతో హైదరాబాద్‌లో ఎవరికీ మొహం చూపించలేమని. "చేసేదే సోకులు గదా, ఇంకేం పేరు పెట్టాలె?" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పటికి అందులో ఒక్క చెట్టు కూడా నిటారుగా నిలబడటం లేదు. నాటిన చెట్టల్లా తాగినవాడిలా పక్కకు ఒరిగేది.

కంప్యూటర్‌లో సైన్యాలు నడిపించే ఆటలు మీరు చూసే ఉంటారు. పైనుంచి చూస్తుంటే కింద ఊళ్ళు, కోటలు, చీమలంత సైనికులు. గెలుపోటములు తేల్చేవి ఆ కోటలు, సైనికులే. చెట్లు, రాళ్ళు, గడ్డివాములు, విరిగిన బండి చక్రాలు ఉత్త అలంకారం. వాటితో ఆటకు పనేమీ లేదు, కానీ అవి లేకపోతే ఆట పందిరి వేయని పెళ్ళింటిలా బోసిగా ఉంటుంది. సోకు అచ్చంగా వాటి కోసమే. చెట్టును పట్టుకొని కావలసిన చోట పెట్టొచ్చు, తిప్పొచ్చు, పెంచొచ్చు, నచ్చకపోతే పీకేయొచ్చు. కోడ్ రాసింది ఆయన. దానితో మ్యాపులను, అంటే ఆట జరిగే నేలలను, ముస్తాబు చేసేది నేను.

నా పేరు అఖిల. నెల్లికుదురు దగ్గరి తండా మాది. రంజిత్ అన్నది జఫర్‌గఢ్. మానుకోటలో ఒక ప్రైవేటు బడిలో నేను కంప్యూటర్ చెప్పేదాన్ని, ఆయన లెక్కలు చెప్పేవాడు. ఇద్దరం ఆ కొలువులు మానేసి స్టేషన్ దగ్గర ఒక గది తీసుకొని ఈ పనిలో పడ్డాం. ఆయన భార్య లత వదిన మధ్యాహ్నం ఇద్దరికీ టిఫిన్ గిన్నె సర్ది పంపుతూ, "ఈ బొమ్మల చెట్లు ఎప్పుడు కాయలు కాస్తయి?" అని అడిగేది. 

చివరికి హైదరాబాద్‌లోని ఒక ఆటల కంపెనీ మమ్మల్ని నమ్మింది. అక్కడ మాతో మాట్లాడే చైతన్య మేడం ఒక ఖాళీ మ్యాపు పంపింది. రెండు గుట్టల మధ్య ఒక ఇరుకు దారి, ఆ దారి చివర చిన్న ఊరు. "నేలను, సైనికులను ముట్టుకోకండి. అలంకారం మాత్రం మీ ఇష్టం. బుధవారం పొద్దున మా పెద్దవాళ్ళ ముందు ఆడిస్తాం. సరిగ్గా నడిస్తే మా మ్యాపులన్నీ ఇకపై సోకుతోనే చేయిస్తాం," అంది. నడవకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. నాకు తెలుసు. గదికి తాళం వేసి, మానేసిన బడికే మళ్ళీ వెళ్ళి నిలబడాలి.

నేను ఆ ఊరిని మా తండాగా మార్చేశాను. ఎవరినీ అడగలేదు. ఇప్పచెట్లు, మక్కకంకుల కుప్పలు, వాకిట్లో నులక మంచాలు, మేకల దొడ్డి. రంజిత్ అన్న చూసి, "రాజుల కాలంల ప్లాస్టిక్ కుర్చీ ఏందమ్మా?" అంటే ఆ ఒక్కటీ తీసేశాను. ఊళ్ళోకి వచ్చే ఇరుకు దారి మొదట్లో వేపచెట్టు పెట్టి, దాని కింద దారికి అడ్డంగా ఏడు రాళ్ళు వరసగా నిలిపి, వాటికి ఎర్రటి జాజురంగు పూసి, తెల్ల చుక్కలు పెట్టాను. అవి సీత్లా రాళ్ళు. పిల్లలకు జబ్బులు రాకుండా, గొడ్లకు రోగాలు తగలకుండా చూసే దేవత మాకు సీత్లా. ఆమె, ఆమె అక్కచెల్లెళ్ళు కలిసి ఏడుగురు. మా తండాలో వాళ్ళు సరిగ్గా అలాగే, అదే చోట కూర్చుని ఉంటారు. అక్కడ గుట్టలు లేవు, రోజూ వచ్చేపోయేవాళ్ళు రాళ్ళ పక్క నుంచి పోతారు.

సోకులో ప్రతి వస్తువుకూ పక్కన 'దాటొచ్చు' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ ఉంటే సైనికులు ఆ వస్తువు మీదుగా ఏమీ లేనట్టు నడిచిపోతారు. టిక్ తీసేస్తే అది గోడతో సమానం. ఆ ఏడు రాళ్ళకూ నేను టిక్ తీసేశాను. ఆలోచించి చేసింది కాదు. చిన్నప్పుడు ఒకసారి ఆ రాళ్ళు దాటినందుకు మా యాడి, అంటే మా అమ్మ, చింతబరికెతో నా పిక్కలు వాయించింది. అంతగా తిన్న దెబ్బ ఒళ్ళు మరిచిపోదు.

శనివారం చైతన్య మేడం ఫోన్ చేసింది. "మీ మ్యాపు చాలా అందంగా ఉంది. కానీ యుద్ధమే జరగడం లేదు. శత్రు సైన్యం వచ్చి దారి మొదట్లో నిలబడిపోతోంది. బుధవారం లోపల చూడండి, ప్లీజ్."

రంజిత్ అన్న తన కోడ్‌లోనే తప్పుందనుకున్నాడు. తప్పు తన మీద వేసుకోవడంలో ఆయన్ను మించినవాడు లేడు. శనివారమంతా వెతికాడు. ఆదివారం ఇంటికి కూడా పోకుండా వెతికాడు. నేను పక్కనే కూర్చొని టీలు అందిస్తూ, "దొరుకుతదిలే అన్నా" అని ధైర్యం చెప్పాను. ఆ తప్పు నాదై ఉండొచ్చని నాకు చీమంతైనా తట్టలేదు.

సోమవారం పొద్దున ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు నులుముకొని, చాలా మెల్లగా అడిగాడు.

"అఖిలా. ఈ రాళ్ళకు టిక్ ఎవరు తీసిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకేందన్నా? అవి సీత్లా రాళ్ళు. దాటొద్దు."

ఆయన నన్ను చూశాడు. స్క్రీన్ చూశాడు. అక్కడ వందమంది సైనికులు నా ఏడు రాళ్ళ ముందు ప్రసాదం కోసం వచ్చినట్టు బుద్ధిగా నిలబడి ఉన్నారు.

"రెండు దినాల సంది నా కోడ్ల తప్పు దేవులాడుతున్న," అన్నాడు. "నువ్వేమో దారి మీద దేవతను కూసోబెట్టి కుయ్ కయ్ అనకుంట చాయ్ పోస్తున్నవ్. సరే, పానం లేచొచ్చింది. కోడ్ మంచిగనే ఉన్నది. ఇగ టిక్ పెట్టు."

"పెట్ట."

"ఏంది?"

"పెట్టనన్నా. బూట్లేసుకొని కత్తులు పట్టుకొని సీత్లా మీదికెల్లి పోతరా?"

"అది బొమ్మ రాయి గదనే తల్లీ!"

"బొమ్మైతే నువ్వే చెప్పు, మీ జఫర్‌గఢ్‌ల పోశమ్మ బొమ్మ గీసి కింద పెడ్తె తొక్కుతవా?"

 పోనీ, పక్కకు జరుపుదామన్నాడు. సీత్లాను జరుపుతావా అన్నాను. అటు గుట్ట, ఇటు గుట్ట, నేలను ముట్టుకోవద్దన్నారు, జరపడానికి చోటు కూడా లేదు. అయితే మొత్తానికే తీసేద్దామన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నేను, నిజమే. కానీ ఇది మొండితనం కాదు. నేను దేవుళ్ళకు పెద్దగా మొక్కను. అయినా రాళ్ళను ఎంచుకొని డిలీట్ మీద వేలు పెడితే వేలు కిందికి దిగలేదు. ఇన్ని నెలల కష్టం బుధవారం మట్టికొట్టుకుపోతుందని తెలుసు. ఈయన సంసారం నా వేలి మీద ఆగి ఉందని తెలుసు. అయినా దిగలేదు.

"నువ్వే తియ్యన్నా. నేను అటు తిరుగుత," అన్నాను.

ఆయన మౌస్ పట్టుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. తిరిగి చూస్తే మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"ఇంట్ల పసిపిల్ల ఉన్నది," అన్నాడు. "నాతోని కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎవరమూ నవ్వలేదు. సరిగ్గా అప్పుడే మా యాడి ఫోన్. "రేపు మంగళవారం సీత్లా పండుగ. ఈసారి గూడ రాకుంటే నీ కాళ్ళిరగ్గొడ్త," అని మా భాషలో అరిచి పెట్టేసింది. ఆమె గొంతు ఫోన్ లేకపోయినా మానుకోట దాకా వినపడుతుంది.

రంజిత్ అన్న మొహం కొంచెం వెలిగింది. "నేను సుత వస్త. టెంకాయ కొట్టి ఆమెనే అడుగుదాం. 'అమ్మా, కంప్యూటర్ల కెల్లి జర పక్కకు జరుగు' అని. అసలు ఆమెనే అడిగినంక ఇగ పరేషానెందుకు?"

అంతకు మించిన ఉపాయం నాకూ తోచలేదు.

మంగళవారం ఆయన బండి మీద వెళ్ళాం. ఆయన వీపున ల్యాప్‌టాప్ సంచి, నా ఒళ్ళో టెంకాయ. నిజం చెప్పాలంటే, ఊహ తెలిశాక నేను సీత్లా పండుగ చూసిందే లేదు. వానలు మొదలయ్యేటప్పుడు వస్తుంది ఆ పండుగ. గురుకులం బడి తెరిచేదీ అప్పుడే. హాస్టల్లో చదివినన్నాళ్ళూ, ఆ తర్వాత బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఒక్క ఏడూ సెలవు దొరకలేదు. చిన్నప్పటిది నాకు గుర్తున్నదల్లా బెల్లం పాయసం, జనం కాళ్ళ మధ్య నలిగిపోవడం, ఆ తర్వాతెప్పుడో తిన్న చింతబరికె దెబ్బలు.

మేం చేరేసరికి తండా మొత్తం వేపచెట్టు దగ్గరే ఉంది. ఏడు రాళ్ళకూ కొత్తగా జాజు పూశారు. ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. మా యాడి సుక్కి అందరికంటే ముందు, గుగ్గిళ్ళ గంప నడుమున పెట్టుకొని నిలబడింది. తండాలోని గొడ్లన్నిటినీ దారికి అవతల మళ్ళేశారు. ముసలి వాల్యా తాత కర్ర పట్టుకొని వాటి వెనక నిలబడి ఉన్నాడు.

"హో!" అన్నాడు తాత.

గొడ్లు కదిలాయి. అన్నిటికంటే ముందు మా ఆవు మోతీ. తిన్నగా నడిచి వచ్చి, రాళ్ళ దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయింది. దాని వెనక ఎడ్లు ఆగాయి, ఎడ్ల వెనక బర్రెలు, బర్రెల వెనక మేకలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఆగాయి. తాత ఎంత అరిచినా ఏదీ కదలలేదు. అచ్చం మా మ్యాపులో సైన్యం ఎలా నిలబడిందో అలా. రంజిత్ అన్న నా వంక చూస్తున్నాడని తెలుసు. నేను ఆయన వంక చూడలేదు. చూశావా, మోతీకి కూడా తెలుసు, అనుకున్నాను లోపల.

మా యాడి గంపలోంచి గుప్పెడు గుగ్గిళ్ళు తీసి మోతీ వీపు మీద చల్లి, పక్కటెముకల మీద ఒక్కటి చరిచింది.

"నడువే! ఏడాదికొక్కసారి పిలిస్తె గూడ నకరాలేనా?"

మోతీ తల విదిలించి, ముందుకాలు ఎత్తి, సీత్లా రాయి మీదుగా అవతలికి వేసింది. ఆ తర్వాత ఇక ఆగింది లేదు. ఎడ్లు దాటాయి, బర్రెలు దాటాయి, మేకలు ఎగిరి దూకాయి. మా యాడి నవ్వుతూ ప్రతిదాని మీదా గుగ్గిళ్ళు చల్లుతూనే ఉంది. గొడ్ల వెనక మనుషులు కూడా దాటారు. వాల్యా తాత మనవరాలిని చంకనెత్తుకొని దాటాడు.

నేను టెంకాయ పట్టుకొని నోరు తెరుచుకొని నిలబడ్డాను. రంజిత్ అన్న గొంతు సవరించుకొని ముందుకెళ్ళాడు.

"అమ్మా, సీత్లాను ఎవ్వరు దాటొద్దని అఖిల అన్నది?"

మా యాడి ఆయన్ను వింతగా చూసి తెలుగులో జవాబు చెప్పింది. "గట్ల ఎవరన్నరు బిడ్డా? ఆమె దారి మీద కూసున్నదే అందరు ఆమె ముంగటికెల్లి పోవాలెనని. ఎవరు బాగున్నరు, ఎవరు బాగలేరు, ఏ గొడ్డు కుంటుతున్నది, అన్ని చూసుకుంటది. ఎవ్వరు దాటకుంటే ఆమె ఒక్కతె ఆడ కూసోని ఏం జెయ్యాలె?"

"మరి నన్నెందుకు కొట్టినవే?" అని అరిచాను. అందరూ ఇటు తిరిగారు. "చిన్నప్పుడు గీ రాళ్ళు దాటిననే గదా చింతబరికె ఇరిగేదాక కొట్టినవ్!"

యాడి కాసేపు ఆలోచించింది. తర్వాత గంప కింద పెట్టి మరీ నవ్వింది.

"దాటినందుకు కాదే పిచ్చిదానా, చెప్పులేసుకొని దాటినందుకు! మీ బాపు నెల్లికుదురుల కొత్త చెప్పులు కొనిచ్చిండు. ఇడువవే అంటె ఇడువకపోతివి. పండేటప్పుడు గూడ కాళ్ళకే ఉంటుండె."

ఎర్ర చెప్పులు. మీద తెల్ల పువ్వు. ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ నా బుర్ర దెబ్బలను భద్రంగా దాచుకొని చెప్పులను మాత్రం ఎక్కడో పారేసుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. సీత్లా ఏనాడూ ఎవరినీ ఆపలేదు. ఆమె పేరు చెప్పి వందమందిని దారిలో నిలబెట్టిన పూజారిని నేనే. సిగ్గుపడాల్సింది గానీ సిగ్గు రాలేదు. శనివారం నుంచి గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయింది, అంతే. నవ్వడం మొదలుపెడితే కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా ఆగలేదు.

చెప్పులు విడిచి, చేతులు జోడించి, నేనూ దాటాను. రంజిత్ అన్న బూట్లు విప్పాడు. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. మా యాడి ఆయన నెత్తి మీద కూడా గుగ్గిళ్ళు చల్లింది. జరగమని అడగడానికి తెచ్చిన టెంకాయను జరగకుండా ఉన్నందుకు కొట్టాం.

తిండి తిన్నాక మా ఇంటి ముందు మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచాం. మధ్యాహ్నపు ఎండకు స్క్రీన్ కనిపించక పైన యాడి పాత చీర ఒకటి కప్పుకొని ఇద్దరం దూరాం. ఏడు రాళ్ళనూ ఎంచుకొని టిక్ మీదికి బాణం తెచ్చి ఆగాను.

"మళ్ళేంది?" అన్నాడు రంజిత్ అన్న. ఆయన గొంతులో ప్రాణం లేదు.

"వాళ్ళకు బూట్లున్నయన్నా."

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "సైనికులను ముట్టుకోవద్దన్నరు. వాళ్ళ బూట్లు నేనెట్ల ఇప్పాలె?"

"నువ్వు ఇప్పొద్దు. అలంకారం మనదే గదా?"

సోకులో చెప్పులు లేవు. తోలుసంచి ఒకటి ఉంది. దాన్ని అణిచి, సాగదీసి, పట్టీ తగిలించి ఒక చెప్పు చేశాను. తిప్పి రెండోది చేశాను. ఆ జతను వేపచెట్టు మొదట్లో పెట్టాను. దాని పక్కన ఇంకో జత, ఇంకో జత. కొన్ని చక్కగా, కొన్ని తిరగబడి, ఒకటి మరీ దూరంగా పడి. గుడి బయట చెప్పులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రంజిత్ అన్న మొదట నిట్టూర్చాడు. తర్వాత, "గా మూలకు ఒంటి చెప్పు పెట్టు, జోడు కుక్క ఎత్కపోయినట్టు," అన్నాడు. చెప్పుల గుట్ట చూడముచ్చటగా తయారైంది.

యాడి ఆ చీర అంచు ఎత్తి తలదూర్చింది. "ఎవరియే గిన్ని చెప్పులు?"

"సైన్యానివి యాడీ."

ఆమె కళ్ళు చికిలించి సైనికుల వంక చూసింది. చీమలంత మనుషులు, కాళ్ళు కనిపించే సమస్యే లేదు. చెప్పులు మాత్రం బాగా కనిపిస్తున్నాయి.

"ఇడిచిన్రు. మంచోళ్ళే," అంది. "పోనియ్యి మరి."

టిక్ పెట్టాను. ముందు వరస సైనికుడు కదిలాడు. సీత్లా మీదుగా అవతల కాలు పెట్టాడు. వాడి వెనక మిగతా వాళ్ళంతా మోతీ వెనక గొడ్లు వచ్చినట్టు దారిపట్టి లోపలికి వచ్చేశారు. వచ్చి మా తండాను తగలబెట్టడం మొదలుపెట్టారనుకోండి, అది వేరే సంగతి. ఆటంటే అంతే. రంజిత్ అన్న మంచం మీద వెల్లకిలా పడి, అక్కడికక్కడే గురక పెట్టాడు. నేను లేపలేదు.

బుధవారం పదకొండు గంటలకు చైతన్య మేడం ఫోన్. రంజిత్ అన్న స్పీకర్ పెట్టాడు. 

"యుద్ధం చాలా బాగా నడిచింది. మా వాళ్ళందరికీ నచ్చింది. సోకు మాకు కావాలి," అంది. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చొని, మళ్ళీ లేచాడు. నేను గోడకు ఆనుకున్నాను. "ఒక్క చిన్న సందేహం," అంది ఆమె. "ఆ వేపచెట్టు కింద చెప్పుల కుప్ప ఉంది కదా. కాలానికి సరిపోవడం లేదని ఒకరన్నారు. తీసేయమంటారా?"

రంజిత్ అన్న నా వంక చూశాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే జవాబు చెప్పాడు, లెక్కల పాఠం చెప్పినంత గంభీరంగా.

"వద్దు మేడం. అవి తీస్తే సైన్యం ఆగిపోతది."

"అయ్యో, అవునా? అయితే ముట్టుకోం," అంది ఆమె కంగారుగా. "మా వాళ్ళందరికీ చెబుతాను."

చెప్పింది కూడా. మొన్న ఆ కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె ఫోన్ చేసి సోకు గురించి ఏవేవో అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "ఆ చెప్పులను ఎవరూ ముట్టుకోవద్దట కదా, ఎందుకండీ?" అంది.

దాటేటప్పుడు అక్కడ విడవాలని చెప్పాను.